ఓన్లీ సార్

శ్యామ్‌సుందర్ సార్ సంస్మరణ సంచికలో మొత్తం ఇరవై ఆరు వ్యాసాలున్నాయి. ఇరవై ఆరూ టైప్ చేసింది నేనే. నాంపల్లిలో కోర్టుకు పోయే దారిలో, మెట్ల కింద ఉన్న జిరాక్స్ షాపులో నేను తెలుగు, ఇంగ్లీషు టైపింగ్ చేస్తాను. పాత విద్యార్థుల సంఘం వాళ్లు చేతిరాత కాగితాలు కట్టగా తెచ్చి నా బల్ల మీద పెట్టి, జమునా, నువ్వు కూడా సార్ దగ్గర చదువుకున్నదానివే కదా, నాలుగు మంచి మాటలు రాయమన్నారు. రాస్తున్నాను. మంచివో కావో చదివాక మీరే చెప్పండి.

ఆ ఇరవై ఆరింటిలో ఆయన క్రమశిక్షణకు మారుపేరు, మా జీవితాలకు వెలుగు, ఇంగ్లీషు భాషకు ఆయన చేసిన సేవ మరువలేనిది అనే ఉంది. పళ్లు కొరుక్కుంటూ టైప్ చేశాను. పోయినవాళ్ల గురించి చెడ్డగా రాయకూడదట. 'అన్నారు' అని రాయాలట. నేను 'అన్నాడు' అనే రాస్తాను. అచ్చు వేయకపోతే వాళ్లిష్టం.

ఆయనకు స్కూల్లో ఓన్లీ సార్ అని పేరు. ఆబిడ్స్ సందులో మా స్కూలు, పేరెందుకు లెండి, పక్కన బట్టల షాపులు, ఎదురుగా చెప్పుల షాపు. ఆయన ఎనిమిది నుంచి పది దాకా ఇంగ్లీషు చెప్పేవాడు. పిల్లల నోట్లో ఓన్లీ అనే మాట వినపడితే చాలు, ఆయనకు పూనకం వచ్చేది. ఆ మాట మన హైదరాబాద్‌లో ఎలా వాడతామో మీకు తెలుసు. ఎక్కడున్నావంటే 'అయామ్ హియర్ ఓన్లీ' అంటాం. ఇక్కడే ఉన్నానని దాని అర్థం. ఎప్పుడొచ్చావంటే 'నౌ ఓన్లీ' అంటాం, ఇప్పుడే వచ్చానని. తెలుగులో మాట చివర ఒక 'ఏ' తగిలిస్తే వచ్చే బలం ఇంగ్లీషులో ఎలా తేవాలో తెలియక, ఓన్లీని పట్టుకొచ్చి ఆ 'ఏ' కూర్చునే చోట కూర్చోబెట్టాం. అందరం అలాగే మాట్లాడుకుంటాం, అందరికీ అర్థమవుతుంది, ఎవరికీ ఏ బాధా లేదు. బాధంతా శ్యామ్‌సుందర్ సార్‌కే. ఓన్లీ అంటే 'మాత్రమే' అనీ, 'అంతే' అనీ, ఇంకో అర్థమే లేదనీ చెప్పి వేలి కణుపుల మీద స్కేలుతో కొట్టేవాడు. స్కేలు అంచుతో.

మా అమ్మ పూలమ్మ ఆ స్కూల్లోనే ఆయా. కోస్గి పక్కన ఊరి నుంచి పెళ్లయి వచ్చి, నాకు నాలుగేళ్లప్పుడు మా నాయన పోతే స్కూల్లో పనికి చేరింది. స్కూలు వెనక నీళ్ల ట్యాంకు పక్కన ఒక గది ఇచ్చారు. అమ్మ అక్కడ పనిచేస్తుంది కాబట్టి నాకు ఆ స్కూల్లో సీటు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు సార్ వచ్చి కుర్చీలో కూర్చుని, క్లాసు రూము శుభ్రంగా ఉందే, ఎవరు ఊడ్చారని ఇంగ్లీషులో అడిగాడు. నేను చెయ్యెత్తాను. ఇంగ్లీషులో జవాబు చెప్పే సందు దొరికిందని సంబరం నాకు. 'మై మదర్ ఓన్లీ స్వెప్ట్ సార్' అన్నాను. మా అమ్మే ఊడ్చింది సార్ అని.

ఆయన నవ్వాడు. "ఓన్లీ స్వెప్ట్? ఊడ్చింది, అంతేనా? మరి తుడుసుడు ఎవరు చెయ్యాలె?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. అప్పుడే అమ్మ బకెట్ పట్టుకుని వరండాలోంచి పోతోంది. ఆయన ఆమెను పిలిచి, పూలమ్మా, నీ బిడ్డ చెప్తుంది, నువ్వు ఊడ్చుడు తప్ప ఏం పని చేస్తలేవంట, అన్నాడు. అమ్మకు ఏమీ అర్థం కాలేదు. చేస్తున్న సార్, అన్నీ చేస్తున్న, అని కంగారుపడి బకెట్ కింద పెట్టి మళ్లీ రూమంతా తుడిచింది. అంతమంది పిల్లలు కాళ్లు పైకెత్తుకుని కూర్చుంటే, వాళ్ల బెంచీల కింద. నేను నా కాళ్లు ఎత్తలేదు. ఆమె నా కాళ్ల చుట్టూ తుడిచి పోయింది. ఆరోజు నుంచి ఆ మనిషి అంటే నాకు కడుపు మంట. ఈ వ్యాసం రాస్తున్న ఈ నిమిషం దాకా చల్లారలేదు.

సంచికలో ఆయన భార్య వెంకటరత్నమ్మగారి వ్యాసం కూడా ఉంది. చిన్నది, ఒకటిన్నర పేజీ. ఇరవై ఆరింటిలో అబద్ధం లేనిది అదొక్కటే. సార్ తాతగారు నిజాం కాలంలో టపాఖానాలో గుమాస్తా అట. నాంపల్లి స్టేషన్ వెనక సందులో వాళ్లది మూడు తరాల ఇల్లు. సార్ చిన్నప్పుడు చదివింది ఉర్దూ మీడియం. ఇంగ్లీషు పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నాడు. మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోతే, ఎక్కడుంటావని అడిగితే 'నాంపల్లి ఓన్లీ సార్' అన్నాడట. నాంపల్లిలోనే అని. అడిగినవాళ్లు ముగ్గురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వారట. ఉద్యోగం రాలేదు. ఆ సాయంత్రమే కోఠికి పోయి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి లావుపాటి డిక్షనరీ కొనుక్కొచ్చాడట. ఇది చదివి జాలిపడతారని ఆమె రాసింది కాబోలు. నాకు ఇంకా ఒళ్లు మండింది. నలుగురు నవ్వితే ఎంత నొప్పి పుడుతుందో తెలిసిన మనిషి ఇంకొకర్ని చూసి క్లాసునెందుకు నవ్వించాలి? ఈయన ఆ నొప్పిని ముప్పై నాలుగేళ్లు క్లాసులవారీగా పంచిపెట్టాడు.

రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు. ఆబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీ దాకా నడుస్తూ షాపుల బోర్డులు చదివేవాడు. 'కస్టమర్స్ ఓన్లీ' అనుంటే తల ఊపేవాడు. 'న్యూ స్టాక్ టుడే ఓన్లీ అరైవ్డ్' అనుంటే లోపలికి పోయి తగువు పెట్టుకునేవాడు. ఒకసారి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో స్వెట్టర్లు అమ్మేవాడు ఈయన గల్లా పట్టినంత పని చేశాడని విని నాకు రెండు రోజులు అన్నం సయించింది.

అలాంటి మనిషి ఇంటికి నేను నా కాళ్లతో నడిచిపోయాను. ఎందుకో చెప్తాను.

ఆరేళ్ల కిందటి మాట. పదో తరగతి పిల్లల ప్రీ ఫైనల్ లెక్కల పేపర్ పరీక్షకు ముందురోజే ఫోన్లలో తిరిగింది. పేపర్లు ఆఫీసు రూములో బీరువాలో ఉన్నాయి. బీరువా తాళంచెవి సూపరింటెండెంట్ విజయేందర్ దగ్గర ఉంటుంది. విజయేందర్ కూడా ఆ స్కూల్లో చదివినవాడే. ఇంగ్లీషులో సార్ చేతుల మీదుగా మెడల్ తీసుకున్న ముద్దుల శిష్యుడు. వాడి బావమరిది కోఠిలో ట్యూషన్లు నడుపుతాడని స్టాఫు అందరికీ తెలుసు. తెలిసి ఒక్కరూ నోరు విప్పలేదు. ఆరోజు పొద్దున విజయేందర్ అమ్మకు తాళంచెవి ఇచ్చి, బీరువా తెరువు పూలమ్మా, ప్రేయర్‌కు మైకు తియ్యాలె అన్నాడు. అమ్మ తెరిచింది. తెరిచి బెల్లు కొట్టడానికి పోయింది. ఇంత వరకే అమ్మకు తెలుసు.

గొడవ మొదలయ్యాక విజయేందర్ అమ్మను పిలిచి ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాశాడు. 'పూలమ్మ ఓన్లీ ఓపెన్డ్ ది ఆల్మరా' అని. ఏం రాసినవ్ బిడ్డా అని అమ్మ అడిగితే, నువ్వు బీరువా తెరిచినవ్, అంతే, ఇంకేం చేయలేదని రాసిన, ఫికర్ చేయకు అన్నాడు. నిజమే కదా అని అమ్మ తెలుగులో సంతకం పెట్టింది. అదే కాగితం కరస్పాండెంట్ రామచందర్ చేతికి పోయాక అర్థం తిరగబడింది. పూలమ్మే బీరువా తెరిచింది. ఇంకెవరూ కాదు, పూలమ్మే. నమ్మినవాళ్ల గొంతు కోయడానికి వాడికి కత్తి కూడా అక్కర్లేకపోయింది. ఒక్క ముక్కకు రెండు అర్థాలు, ఒకటి ఆమెకు చదివాడు, ఇంకోటి ఆయనకు చదివాడు.

ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగం. అది పోతే గది పోతుంది. వాటికన్నా పేరు పోతుంది. దొంగ అనిపించుకున్న ఆయాను ఇంకో స్కూలు గేటు లోపలికి కూడా రానివ్వదు. అమ్మ అన్నం మానేసింది. శనివారం విచారణ అన్నారు. నేను ఆ కాగితం కాపీ సంపాదించి పదిసార్లు చదివాను. చదివిన కొద్దీ నాకు ఒకటే తోచింది. ఈ ఊళ్లో ఓన్లీ అంటే 'అంతే', ఇంకేమీ కాదు అని ఒట్టేసి చెప్పే మనిషి ఒకడున్నాడు. జీవితమంతా అదే చెప్పాడు. ఇప్పుడు కూడా అదే చెప్తే చాలు, మా అమ్మ బయటపడుతుంది. ఆ మనిషి మొహం చూడాలంటే నాకు అసహ్యం. అయినా పోయాను.

డెబ్బై ఐదేళ్లుంటాయి అప్పటికి. వరండాలో కుర్చీ వేసుకుని డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నేనెవరో చెప్పాను. నా పేరు గుర్తులేదు గాని, పూలమ్మ బిడ్డవా అన్నాడు. కాగితం చూపించి జరిగింది చెప్పాను. కాగితం చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. మా అమ్మ కోసం కాదు, ఆ మాట కోసం.

"ఓన్లీ అంటే అసలు ఏందో తెలుసా నీకు?" అన్నాడు. "వన్, లీ. ఒకటి అనేది మొదట, వెనక లీ. స్లోలీ, కైండ్లీ, అన్నిటి తోకకు ఉండే లీ గదే. గా లీ ఎక్కడిదనుకున్నవ్? పాత ఇంగ్లీషుల లీచ్ అని ఉండె. లీచ్ అంటే ఒళ్లు. శరీరం. ఓన్లీ అంటే ఒక్క ఒళ్లు లెక్క ఉన్నది, ఒంటిది అని. పాపం, గసుంటి మాటను తెచ్చి మీరు ఏం చేసిన్రు."

మాటకు పాపం అన్నాడు. మా అమ్మకు అనలేదు. ఆ గదిలో మూడు రోజులుగా అన్నం ముట్టకుండా ఒంటిగా కూర్చున్న ఒక్క ఒళ్లు ఆయనకు కనపడలేదు. ఇంకా చెప్పుకుంటూ పోయాడు. ఓన్లీ అనేది సోమరి మాట అట, వాక్యంలో ఎవరి పక్కన నిలబడితే వాళ్ల మీద వాలిపోతుందట, అందుకే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టాలట. అరగంట విన్నాను. మొహం మీద ఆ డిక్షనరీ విసిరికొట్టాలనిపించింది. విసరకుండా, శనివారం వచ్చి ఈ కాగితానికి సరైన అర్థం చెప్పండి సార్ అని చేతులు జోడించాను. నా బతుకులో నేను చేసిన సిగ్గులేని పని అదే.

వస్త, అన్నాడు. తప్పకుండ వస్త. అర్థం చెప్పాలె కదా.

శనివారం పదకొండింటికి కరస్పాండెంట్ రూములో కూర్చున్నాం. అంటే వాళ్లు కూర్చున్నారు. రామచందర్, విజయేందర్, సార్. అమ్మకు కుర్చీ వేయలేదు, ఆమె గోడ పక్కన నిలబడింది. నేను ఆమె పక్కన నిలబడ్డాను. రామచందర్ కాగితం చదివి, సార్, మీరు పెద్దలు, దీని అర్థం మీరే చెప్పాలె అన్నాడు. అమ్మ ఏదో చెప్పబోయింది. నువ్వు చెప్పేది కాగితంల చెప్పినవ్ కదా పూలమ్మా, సంతకం కూడ పెట్టినవ్, ఆగు, అన్నాడు.

సార్ కళ్లజోడు తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. పూలమ్మ బీరువా తెరిచింది, అంతే, ఇంకేమీ చేయలేదు, దీనికి ఇంగ్లీషులో ఉన్న అర్థం ఇదొక్కటే అని చెప్పాడు. తడుముకోలేదు. ఇరవై ఏళ్లకు దగ్గరగా మోసుకుంటున్న కోపంలో ఒక ముక్క కరిగిందని కూడా చెప్పాలి, దాచను. అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

అప్పుడు విజయేందర్ లేచాడు. ఎంత వినయం వాడికి. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నేను మీ శిష్యుణ్ణే. మీరు దిద్దిన్రు, కొట్టిన్రు, మెడల్ ఇచ్చిన్రు. కానీ నిజం చెప్పాలె. నేను రాసేటప్పుడు పూలమ్మనే తెరిచిందని రాసిన. మనం అందరం గట్లనే అంటం. మీరు గన్ని ఏండ్లు కొట్టిన్రు, ఒక్కడన్న మారిండా సార్? మీరే చెప్పుండ్రి. గీ ఊర్ల ఆ మాటకు అర్థం ఏంది?"

సార్ కాగితం బల్ల మీద పెట్టాడు. ఫ్యాను తిరుగుతోంది. కాగితం ఎగరకుండా రామచందర్ దాని మీద వేలు పెట్టాడు. నేను లోపల మొక్కుకుంటున్నాను, తప్పు అను సార్, నన్ను అన్నట్టే వాణ్ణీ అను, తప్పు, తెలివితక్కువ ఇంగ్లీషు, నా స్కూల్లో ఇలాంటిది చెల్లదు అను, స్కేలు తీసుకుని కొట్టు. ఒక్కసారి మా కోసం కొట్టు.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. "తప్పు కాదు. రిటైరైనంక చాన ఆలోచించిన. ఇంగ్లీషోళ్లు బలం గొంతుల పెడ్తరు, మనం మాట చివర 'ఏ' పెడ్తం. గా 'ఏ'నే మనం ఓన్లీ చేసుకున్నం. తప్పని కొట్టిన నేను, తప్పు నాదే. గిది గీడ పుట్టిన మాట, గీడ దానికి అర్థం ఉన్నది. రాసినోడు గీడివాడు గనక, దీని అర్థం పూలమ్మే తెరిచింది."

ఆ మాటలు చెప్తుంటే ఆయన మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్లుగానో మోస్తున్న బరువు దించుకున్న మనిషి మొహం అది. నా చిన్నప్పటి నుంచి నేను ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. నువ్వు మాట్లాడేది తప్పు కాదు జమునా, మీ అమ్మే ఊడ్చింది, నాకు అర్థమైంది, కూర్చో, అని ఆయన నోట వినాలని ఎన్ని రోజులు ఏడ్చానో. అన్నేళ్లూ ఒప్పుకోనివాడు, ఆ మాట తప్పు కావలసిన ఒకే ఒక్క రోజున ఒప్పుకున్నాడు. వాడి మనశ్శాంతి తగలెయ్య.

నేను అరిచాను. మా అమ్మకు వేరేలా చదివి వినిపించాడని, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో అడగండని, ట్యూషన్ సెంటర్ ఎవరిదో అడగండని అరిచాను. రామచందర్ ప్యూన్‌ను పిలిచి ఈమెను బయటికి పంపమన్నాడు. నేను గుమ్మం దాటేలోపే అమ్మను పనిలోంచి తీసేసే కాగితం మీద ఆయన సంతకం అయిపోయింది. సోమవారానికల్లా గది ఖాళీ చేయాలని చెప్పారు. అమ్మ చీపుర్లు, బకెట్లు, బెల్లు కొట్టే కర్ర అన్నీ ఎక్కడున్నాయో కొత్తగా వచ్చేవాళ్లకు తెలియాలని ప్యూన్‌కు చూపించి వచ్చింది. నాకు పిచ్చెక్కినట్టయింది.

గేటు దగ్గర సార్ మా వెనకే వచ్చాడు. ఎండ పెళపెళలాడుతోంది. ఏమ్మా, నేను అబద్ధం చెప్పలేదు, నిజమే చెప్పిన కదా, అన్నాడు నాతో. పొగడ్త కావాలేమో. నేను ఆయన మొహం కూడా చూడలేదు. ఇరవై ఆరు మంది పొగుడుతున్న మహానుభావుడు అలా నిలబడి, ఏం చేయాలో తోచక, చివరికి అమ్మ వైపు తిరిగాడు. అన్ని రోజుల్లో ఆమెను ఒక ప్రశ్న అడగడం ఎవరికైనా తోచిందంటే అప్పుడే, గేటు బయట.

"పూలమ్మా, అసలు నువ్వు ఏం చేసినవ్?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన్ని కోపంగా కూడా చూడలేదు. పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"తెరువుమంటే తెరిచిన సార్. అంతే."